బొటనవేలి కింద స్ప్రింగు

పొద్దున లేచిన దగ్గర్నుంచీ మనం ఎన్ని స్ప్రింగులు నొక్కుతున్నామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? గ్యాస్ పొయ్యి వెలిగించే లైటరులో స్ప్రింగు. దండెం మీద బట్టలు ఎగిరిపోకుండా పెట్టే క్లిప్పులో స్ప్రింగు. పాలలెక్క రాసుకునే బాల్ పెన్నులో స్ప్రింగు. వానొస్తే తెరిచే గొడుగులో స్ప్రింగు. ఆఖరికి కుచ్చిళ్ళకి పెట్టుకునే పిన్నీసు కూడా తోక దగ్గర ఒక చుట్టు తిరిగిన స్ప్రింగే. 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన ఆ చుట్టుకీ, మొనని దాచే టోపీకీ కలిపి పేటెంటు తీసుకున్నాడు. ఆయనకి తెలియదు గానీ, ఆ పిన్నీసు సగం జీవితం మన గాజులకీ, మంగళసూత్రాలకీ వేలాడుతూనే గడిపింది.

ఇన్ని స్ప్రింగులతో కాపురం చేస్తున్నా నాకు వాటిమీద భయం గానీ గౌరవం గానీ ఉండేది కాదు. పోయిన దసరా ముందు మాత్రం రెండూ ఒక్క క్షణంలోనే వచ్చాయి.

మా ఇంట్లో ఓ పాత నల్లమిషను ఉంది. అమ్మ కుట్టిన మిషను. నాతోబాటు పుట్టింటి నుంచి వచ్చింది. తొక్కుడు తీసేసి చిన్న మోటారు పెట్టించాం గానీ ఒళ్ళంతా పాతదే. ఆ వారం అమ్మాయికి లంగా ఓణీ మీదికి జాకెట్టు, అత్తయ్యగారికి రెండు, పక్కింటి వదినగారికి ఒకటి ఒప్పుకుని కూర్చున్నా. సరిగ్గా అప్పుడే మిషను పాదం బిగుసుకుపోయింది. పిడి ఎత్తితే లేస్తోంది, దింపితే దిగటం లేదు. గుడ్డ కింద జారిపోతోంది. బాగుచేసే అతనికి ఫోను చేస్తే, "పండగ వెళ్ళాక చూద్దాం మేడం!" అన్నాడు. పండగ వెళ్ళాక జాకెట్టు ఎవరిక్కావాలి?

"ఆ మాత్రం నేను చెయ్యలేనా" అనుకున్నా. మిషను తలమీద, పాదానికి సరిగ్గా పైన, గుండ్రటి మర ఒకటుంటుంది చూడండి. పల్చటి గుడ్డకి వదులు చేసేదీ, మందపు గుడ్డకి బిగించేదీ. అది తిప్పుకుంటూ పోయా. లోపల తుప్పుందేమో చూద్దామని మొహం దానిమీదికి వంచా. పాదం పైకెత్తే ఉంది. చివరి చుట్టు ఊడిందో లేదో, టప్‌మని శబ్దం. కళ్ళముందు తెల్లగా మెరిసింది. మర వెళ్ళి పైన ఫాను రెక్కకి తగిలి ఖంగుమంది. స్ప్రింగు ఎటు పోయిందో తెలీదు. నా కుడికన్ను మీది అద్దం మాత్రం మధ్యలో చుక్కపెట్టి ముగ్గేసినట్టు పగిలింది.

నలభై రాకుండానే వచ్చిన ఈ చత్వారం కళ్ళజోడుని నేనెన్ని తిట్లు తిట్టానో! ఆరోజు అది లేకపోతే ఈ వ్యాసం ఒంటికన్నుతో రాస్తూండేదాన్ని. చెయ్యి వణకటం ఆగడానికి పావుగంట పట్టింది. స్ప్రింగు మర్నాడు మా అత్తయ్యగారు ఊడుస్తుంటే బియ్యం డబ్బా వెనక దొరికింది. "ఇదేనా నీ రాకెట్టు?" అన్నారావిడ. నవ్వుతూనే అన్నారు గానీ నా కళ్ళజోడు వంక చూసి ఆ నవ్వు ఆపేశారు.

మాధవరం బాబాయి

మాకు దగ్గర్లోనే మాధవరం అనే ఊరుంది. పశ్చిమ గోదావరి వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిలిటరీ మాధవరం అంటే చాలు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల నుంచీ ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్ళిన ఊరది. మా బాబాయిది ఆ ఊరే. ఆయన సైన్యంలో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యారు. ఆర్మరర్ అంటే తుపాకులు కాల్చేవాడు కాదు, బాగుచేసేవాడు. రైఫిళ్ళూ, పిస్తోళ్ళూ విప్పి, తుడిచి, అరిగిన ముక్క మార్చి మళ్ళీ బిగించడం వాళ్ళ పని. సైన్యంలో ఈ పని ఇ.ఎం.ఇ. అనే విభాగం చూస్తుంది. దాని పెద్ద శిక్షణ కేంద్రం మన సికింద్రాబాదులోనే ఉంది.

పండగ పిలుపుకి తాడేపల్లిగూడెం వచ్చిన బాబాయి ముందు నా కళ్ళజోడు చూశారు. తర్వాత మిషను చూశారు. ఆయనకిక కథ చెప్పక్కర్లేకపోయింది.

"ఏమ్మా, మొహం దానిమీద పెట్టి విప్పావా?"

"అవును బాబాయ్. లోపలేముందో కనపడద్దూ?"

"కనపడిందిగా!" అన్నారు.

కాఫీ తాగి, చేతులు కడుక్కుని తుడుచుకుని, మిషను ముందు కూర్చున్నారు. కాదు, నన్నే కూర్చోబెట్టారు. "నేను బిగిస్తే ఇవాళ్టికి అవుతుంది. నువ్వు బిగిస్తే ఎప్పటికీ అవుతుంది" అని.

పిస్తోలు నేర్పే పాఠం

బాబాయి ముందు స్ప్రింగు నా చేతిలో పెట్టి పిస్తోలు సంగతి చెప్పారు. పిస్తోలుకీ కుట్టుమిషనుకీ ఏం సంబంధం అని నేనూ అనుకున్నా. వినండి మరి.

పిస్తోలు పేలగానే దాని పైభాగం, స్లైడు అంటారు దాన్ని, వెనక్కి దూసుకువస్తుంది. మళ్ళీ ముందుకు తోసి, తర్వాతి గుండుని లోపలికి ఎక్కించేది గొట్టం కిందుండే ఒక పొడవాటి స్ప్రింగు. అంత పని చెయ్యాలి కాబట్టి అది గట్టిగా ఉంటుంది. విడిగా ఉన్నప్పుడు దాని పొడుగు, అది ఇమడాల్సిన చోటుకంటే చాలా ఎక్కువ. దాన్ని నొక్కి, కుదించి, ఆ కాస్త చోటులో కూర్చోబెట్టడమే తిప్పలంతా.

దీనికి పాఠం చెప్పేవాళ్ళు తరచూ ఉదాహరణగా తీసుకునేది జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన పిస్తోలుని. 1911లో అమెరికా సైన్యం తీసుకుంది కాబట్టి ఆ సంవత్సరమే దానికి పేరై కూర్చుంది. ఆ స్ప్రింగు మూతికి గిన్నెలాంటి చిన్న టోపీ ఉంటుంది. ఆ టోపీని బొటనవేలితో లోపలికి నొక్కి పట్టుకుని, గొట్టం మూతి దగ్గరుండే బుష్‌ని రెండో చేత్తో తిప్పితే అది టోపీకి అడ్డంగా వచ్చి తాళం పడుతుంది. బుష్ అడ్డం రాకముందే వేలు జారిందో, టోపీ తుపాకిలోంచి వచ్చినట్టే వచ్చి పైకప్పుకి తగులుతుంది. తుపాకిలో గుండు లేకపోయినా దెబ్బ తగిలే వేళ అదొక్కటే అంటారు బాబాయి.

అంచేత వాళ్ళకి ఒక వరస నేర్పుతారట. ముందు మ్యాగజైను తీసెయ్యాలి. గొట్టం వెనక గుండు గదిలో ఏమీ లేదని కంటితో చూసి, వేలితో తడిమి, పక్కవాడి చేత కూడా చూపించాలి. పని చేసే బల్లమీద గుండ్లు ఉండకూడదు. మూతి ఎవరూ లేని వైపు, గోడ వైపో ఇసక బస్తాల వైపో ఉండాలి. కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి. మొహం ఎప్పుడూ స్ప్రింగుకి పక్కన ఉండాలి తప్ప ఎదురుగా ఉండకూడదు. వేలి కొసతో కాదు, వేలి కండతో నొక్కాలి. చేతికి నూనె ఉండకూడదు. బుష్ పూర్తిగా తిరిగి కూర్చున్నదాకా వేలు తియ్యకూడదు.

"మధ్యలో వేలు వణికితేనో బాబాయ్?"

"మంచి ప్రశ్న. వణికితే పంతానికి పోకూడదమ్మా. మెల్లిగా స్ప్రింగుని వెనక్కి రానిచ్చి, వేలు దులుపుకుని, మళ్ళీ మొదలుపెట్టాలి. అది ఓడిపోవడం కాదు. చేతకాకపోయినా నొక్కుతూనే ఉండటమే ఓడిపోవడం."

ఇది చదివి ఎవరూ అలమార్లోంచి మావగారి పిస్తోలు తియ్యకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి ఉంచుకోవడానికే కాదు, ఆ మరమ్మతు పని చెయ్యడానికి కూడా లైసెన్సు ఉండాలి. ఇంట్లో లైసెన్సున్న ఆయుధం ఉన్నవాళ్ళు, లోపలి ముక్కలు విప్పే పనిని లైసెన్సున్న డీలరుకే వదిలెయ్యాలి. మనక్కావలసింది ఆ వరస ఒక్కటే.

మా అబ్బాయి లెక్క

మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఇదంతా విని పుస్తకం తెచ్చాడు. స్ప్రింగుని ఎంత నొక్కితే అంత బలంగా ఎదురు తంతుంది, ఇది రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సూత్రం. ఆయనకి ఎంత భయమో! ఎవరైనా కొట్టేస్తారేమోనని 1676లో దాన్ని అక్షరాలు కలగాపులగం చేసి అచ్చేశాడు. రెండేళ్ళాగి 1678లో గానీ విడమరచి చెప్పలేదు. మన ఊరగాయ కొలతలు అడిగితే చెప్పని పెద్దమ్మల్లాంటివాడన్న మాట.

"బలం అంతకంత పెరుగుతుంది గానీ అమ్మా, లోపల దాచుకున్న శక్తి మాత్రం ఇంకా ఎక్కువ పెరుగుతుంది" అన్నాడు మావాడు. రెట్టింపు నొక్కితే నాలుగు రెట్లు, మూడింతలు నొక్కితే తొమ్మిది రెట్లు. ఉదాహరణకి, 2 కిలోల బరువు పెడితే 1 సెంటీమీటరు కుంగే స్ప్రింగు ఒకటుందనుకోండి. దాన్ని 3 సెంటీమీటర్లు నొక్కి, మీద 5 గ్రాముల బిళ్ళ పెట్టి వదిలేస్తే, లెక్క ప్రకారం ఆ బిళ్ళ సెకనుకి దాదాపు 19 మీటర్ల వేగంతో లేస్తుంది. అంటే గంటకి దాదాపు 68 కిలోమీటర్లు. రాపిడికీ, స్ప్రింగు సొంత బరువుకీ కొంత పోయినా మిగిలింది కన్ను పోగొట్టడానికి చాలు. 5 గ్రాములంటే ఎంత? దాదాపు మన 2 రూపాయల బిళ్ళంత. హైవే మీద వెళ్ళే మోటారు సైకిలు వేగంతో 2 రూపాయల బిళ్ళ కంటికి తగిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నా పొరపాటు ఎక్కడుందో కూడా ఈ లెక్కలోనే ఉంది. పాత మిషన్లలో పాదం ఎత్తితే స్ప్రింగు ఇంకా కుదించుకుంటుంది. దింపితే కొంత వదులవుతుంది. నేను పాదం ఎత్తి ఉంచి మర విప్పా. అంటే గుండెక్కించి తుపాకి విప్పినట్టే!

విప్పేటప్పుడు

ఇక బాబాయి నా చేత చేయించిన పని, ఆయన చెప్పిన వరసలోనే చెబుతాను. నల్లరంగు పాత మిషన్లలో ఎక్కువవాటికి ఇది సరిపోతుంది. కొన్నింటికి పైన మర బదులు, చుట్టూ ఉన్న రింగుని నొక్కితే టక్కున వదులయ్యే ఏర్పాటుంటుంది. మీది ఏదో ముందు చూసుకోండి. ప్లాస్టిక్ ఒంటితో వస్తున్న కొత్త మిషన్ల జోలికి మాత్రం వెళ్ళకండి.

మొదట ప్లగ్గు తీసెయ్యాలి. సూది తీసెయ్యాలి. దారం తీసెయ్యాలి. పిస్తోలుకి గుండు తియ్యడం ఎలాంటిదో మనకి ఇది అలాంటిది. మోటారు పెడలు మీద పొరపాటున కాలు పడితే సూది వేల్లో దిగిన వాళ్ళు మన వీధుల్లో ఎంతమంది లేరు!

తర్వాత పాదం దింపాలి. ఇది మర్చిపోతే మిగిలినవన్నీ దండగ.

కింద పాత తెల్లదుప్పటి పరుచుకోవాలి. ముక్క జారితే చప్పుడు లేకుండా అక్కడే పడుతుంది, తెలుపు మీద కనపడుతుంది కూడా. విప్పే ముందు సెల్‌ఫోనుతో ఫోటో తీసుకుంటే ఏది ఎక్కడుందో తర్వాత తన్నుకులాడక్కర్లేదు.

మర తిప్పుతూ చుట్లు లెక్కపెట్టుకోవాలి. మాది పదకొండు. మళ్ళీ బిగించేటప్పుడు పదకొండే బిగిస్తే గుడ్డమీద పాత ఒత్తిడే వస్తుంది. చివరి రెండు మూడు చుట్లు మిగిలాయనగా మరమీద మడిచిన గుడ్డ వేసి, అరచేతితో నొక్కి పట్టి, గుడ్డ కిందే తిప్పాలి. మొహం పక్కకి. మర ఊడగానే చెయ్యి తియ్యకుండా మెల్లిగా పైకి రానివ్వాలి. స్ప్రింగు తన పొడుగంతా సాగి, అలిసిపోయిన పిల్లాడిలా ఊరుకుంటుంది. అప్పుడు తియ్యాలి.

లోపలి కడ్డీని కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక, మిషను నూనె ఒకే ఒక చుక్క. మా పాదం బిగుసుకోవడానికి కారణం నేనే. మిషను నూనె అయిపోతే ఆర్నెల్ల కిందట కొబ్బరినూనె వేశాను. అది దూదితో, దారప్పోగులతో కలిసి బంకై కూర్చుంది. మళ్ళీ మిషను ముందు కూర్చునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని పొడిగా తుడుచుకోవాలి. వంటింటి నూనె చేతులతో స్ప్రింగు పట్టుకోవడం, సబ్బుతో చేపని పట్టుకున్నట్టే.

బిగించేటప్పుడు

ఇప్పుడు అసలు ఘట్టం. స్ప్రింగుని కడ్డీ మీదుగా నిలువుగా దింపాలి. తీసినప్పుడు ఏ కొస పైనుందో ఆ కొసే పైన. తీగె వంకరపోయినా, తుప్పు తిని సన్నబడినా అదే మళ్ళీ వెయ్యకండి, కొత్తది తెచ్చుకోండి.

ఇక్కడ బాబాయి చెప్పిన చిట్కా ఒకటి నాకెంతో నచ్చింది. స్ప్రింగు పైచుట్టులోంచి మూరెడు గట్టి దారం దూర్చి, రెండు కొసలూ మిషను చక్రానికి కట్టెయ్యాలి. స్ప్రింగు జారినా దారం దాటి పోదు. మర కూర్చున్నాక దారం ఒక కొస కత్తిరించి లాగేస్తే వచ్చేస్తుంది. "మీ పిస్తోలుకి ఇలా కట్టేవారా?" అంటే, "పిస్తోలుకి కాదు, ఇది మా బామ్మ ఆవుకి కట్టేది" అన్నారు.

మరని స్ప్రింగు మీద పెట్టి, బొటనవేలి కండతో తిన్నగా కిందికి నొక్కాలి. పక్కకి ఒరగకూడదు. ఒరిగితే స్ప్రింగు వంగి పక్కనుంచి తంతుంది. మర మొదటి గాడి అందగానే కుడివైపు తిప్పెయ్యాలని చెయ్యి దురదపెడుతుంది. వద్దు. ముందు ఎడమవైపు, అంటే విప్పే వైపు, నెమ్మదిగా తిప్పాలి. ఒకచోట చిన్నగా టిక్‌మని దిగినట్టు తెలుస్తుంది. గాడి మొదలు అదే. అక్కణ్ణుంచి కుడివైపు తిప్పితే వెన్నలోకి వేలు దిగినట్టు దిగుతుంది. ఊరగాయ జాడీకి మరమూత పెట్టేటప్పుడు మనం చేసేది ఇదే. బలవంతంగా తిప్పాల్సివస్తే గాడి తప్పినట్టు లెక్క. విప్పి మళ్ళీ మొదటికి రావాలి.

మూడు నాలుగు చుట్లు నిండా దిగిన తర్వాతే బొటనవేలు మీద బలం తగ్గించాలి. గాడి అందింది కదా అని ఒక్క చుట్టుకే వేలు తీసేస్తే, ఆ ఒక్క గాడీ జారి అంతా మొదటికి వస్తుంది.

నాకు మొదటిసారి కుదరలేదు. రెండోసారి వేలు వణికింది. మెల్లిగా వెనక్కి రానిచ్చా. బాబాయి ఏమీ అనలేదు, చెయ్యి సాయమూ పట్టలేదు. మూడోసారి టిక్ వినపడింది. పదకొండు చుట్లు లెక్కపెట్టి బిగించి, పాదం ఎత్తి దింపి చూశా. దిగింది! సూది పెట్టి, చక్రం చేత్తో నాలుగుసార్లు తిప్పి, చింకిగుడ్డ మీద కుట్టి చూశాక గానీ ప్లగ్గు పెట్టనివ్వలేదాయన. ఆ రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని నాలుగు జాకెట్లూ పూర్తిచేశా.

ఎందుకంత చాదస్తమంటే

"ఇంత చిన్న స్ప్రింగుకి ఇంత తతంగమా బాబాయ్?" అన్నాను, పని అయిపోయాక కాస్త ధైర్యం వచ్చి.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపాగి ఒక కుర్రాడి సంగతి చెప్పారు. రిటైరై వచ్చిన కొత్తలో, ఓ మెకానిక్కు దగ్గర పని నేర్చుకుంటున్న పదిహేనేళ్ళ పిల్లాడు. ఇంజను వాల్వు స్ప్రింగుని స్క్రూడ్రైవరుతో నొక్కబోతే జారి ఎడమకంటికి తగిలింది. చుట్టూ జనం మూగారు. ఒకావిడ పాపం మంచిదనుకుని చనుబాలు పిండింది. ఇంకొకరు తడిగుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టారు. బాబాయి సంగతి తెలిసి వెళ్ళి ఆ పిల్లాణ్ణి బస్సెక్కించుకుని కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళేసరికి సాయంత్రమైంది. కన్ను దక్కలేదు.

"వాడు కండక్టరు ఉద్యోగానికో, డ్రైవరు ఉద్యోగానికో పోదామనుకున్నాడమ్మా. రెండూ రాలేదు. ఎప్పుడైనా ఎదురుపడితే నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం నాకు బరువుగా ఉంటుంది" అన్నారు.

తర్వాత నేనేం మాట్లాడలేదు.

కంటికి దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో, చెయ్యకూడదో మనింట్లో అందరికీ తెలిసి ఉండాలి. నలపకూడదు. అదమకూడదు. చనుబాలు, ఆముదం, తేనె, ఇంట్లో మిగిలిపోయిన పాత చుక్కల మందు, ఇవేవీ వెయ్యకూడదు. ఏదైనా గుచ్చుకుని ఉంటే లాగకూడదు, నీళ్ళతో కడగనూ కూడదు. సున్నమో యాసిడ్డో చిందితే మాత్రం వేరే సంగతి, అప్పుడు వెంటనే ధారగా నీళ్ళతో కడుగుతూనే ఉండాలి. దెబ్బ తగిలిన కంటిమీద శుభ్రమైన కాగితం గ్లాసు కంటికి తగలకుండా బోర్లించి, అంచులకి టేపు వేసి, కంటి డాక్టరు దగ్గరికి ఆ క్షణమే బయల్దేరాలి. నొప్పి తగ్గింది కదా అని ఊరుకోకండి. లోపల రక్తం చేరినా, రెటీనా ఊడినా మొదట్లో తెలియకపోవచ్చు. చూపు మసకేసినా, మెరుపులు మెరిసినట్టున్నా, నల్లచుక్కలు తేలినా, పక్కనుంచి తెర దించినట్టున్నా ఆలస్యం చెయ్యకూడదు.

ముట్టుకోకూడని స్ప్రింగులు

ఒక స్ప్రింగు బిగించాం కదా అని అన్నీ విప్పేస్తామని బయల్దేరకండి. గ్యాస్ రెగ్యులేటరు లోపల స్ప్రింగు ఉంటుంది. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు, పాడైతే మార్పించుకోవడమే. గీజరుకుండే సేఫ్టీ వాల్వూ అంతే. స్కూటరు షాకబ్జార్బరు, దుకాణాల షట్టరు పైన చుట్టుకుని ఉండే స్ప్రింగు, ఇవి మనిషిని పడగొట్టేంత బలం దాచుకుని ఉంటాయి. తాతగారి కాలం నాటి కీ ఇచ్చే గోడగడియారం మరీ మోసగత్తె. ఆగిపోయిందంటే కీ అయిపోయిందనుకుంటాం. నిండా కీ ఉండగానే దుమ్ముపట్టి ఆగిపోయిన గడియారాన్ని విప్పితే, చుట్టుకున్న ఉక్కుపట్టీ కత్తిలా విచ్చుకుంటుంది. వీటికి పనివాణ్ణే పిలవాలి.

చిన్నవాటికైనా కళ్ళజోడు చాల్లే అనుకోవద్దు. నా అద్దం పగిలి ముక్కలు కంట్లో పడకపోవడం నా అదృష్టం. వెల్డింగు సామాన్ల కొట్లో పగలని ప్లాస్టిక్ రక్షణ అద్దాలు దొరుకుతాయి. ఒక సినిమాకి పెట్టే ఖర్చుకంటే తక్కువ. నేనైతే రెండు జతలు తెచ్చా, ఒకటి మిషను సొరుగులో, ఒకటి మావారి పనిముట్ల పెట్టెలో.

ఇది మగపనా?

మిషను బాగుచేసుకున్నానంటే పక్కింటి వదినగారు, "అమ్మో, ఆ పనులన్నీ మగాళ్ళవి కదండీ" అన్నారు. నాకు మనూ భాకర్ గుర్తొచ్చింది. 2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్‌లో, పోటీ మధ్యలో ఆ హర్యానా అమ్మాయి పిస్తోలు మొరాయించింది. దాన్ని బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన సమయం పోయింది, ఫైనల్‌కి వెళ్ళే అవకాశమూ పోయింది. మూడేళ్ళ తర్వాత, 2024లో పారిస్‌లో, అదే అమ్మాయి పిస్తోలుతోనే రెండు కాంస్య పతకాలు తెచ్చింది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఒక బంగారు, మూడు వెండి పతకాలు గెలిచింది. ఎన్.సి.సి.లో ఆడపిల్లల విభాగం 1949 నుంచీ ఉంది. పాయింట్ టూటూ రైఫిలు పట్టి గురిచూసిన అమ్మలు మన పాఠకుల్లోనే ఎందరో ఉండి ఉంటారు.

స్ప్రింగుకి ఆడా మగా తెలియదు. ఎవరి వేలు జారితే వాళ్ళ మీదికే వస్తుంది. ఎవరి వేలు నిలబడితే వాళ్ళ మాటే వింటుంది.

మొన్న సంక్రాంతికి మిషను మళ్ళీ శుభ్రం చెయ్యాల్సివచ్చింది. ఈసారి మా అమ్మాయి కూర్చుంది. కళ్ళకి అద్దాలు పెట్టుకుంది, జడ వెనక్కి ముడేసుకుంది, ప్లగ్గు తీసింది, సూది తీసింది. మర మీద చెయ్యి వేసింది. నేను టార్చిలైటు పట్టుకుని నిలబడ్డా. నోరు తెరవబోతున్నా.

"తెలుసమ్మా" అంది అది. "ముందు పాదం దింపాలి."